28 లక్షల లెక్కకు సాక్షులం మనమే

2017 ఆగస్టులో నంద్యాల అసెంబ్లీ ఉపఎన్నిక జరిగింది. అప్పటి నిబంధనల ప్రకారం ఒక అభ్యర్థి పెట్టగలిగిన గరిష్ఠ ఖర్చు 28 లక్షల రూపాయలు. ఆ నెల ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ అంకె గురించి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మంత్రులు, ఎమ్మెల్యేలు వార్డులు పంచుకుని మకాం వేశారు. ప్రతిపక్ష నాయకుడు దాదాపు రెండు వారాలు ఇక్కడిక్కడే తిరిగారు. ఓటుకు డబ్బు పంచుతున్నారని ఆ పార్టీ మీద ఈ పార్టీ, ఈ పార్టీ మీద ఆ పార్టీ రోజూ ఆరోపించుకున్నాయి. ఆగస్టు 28న ఫలితం వచ్చింది. తెలుగుదేశం అభ్యర్థి భూమా బ్రహ్మానందరెడ్డి 27,466 ఓట్ల ఆధిక్యంతో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి శిల్పా మోహన్‌రెడ్డి మీద గెలిచారు. గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ 30 రోజుల్లో ఖర్చుల లెక్క అప్పజెప్పాలి. అది చట్టం.

ఏ అభ్యర్థి ఏం రాసిచ్చారో దాని మీద నేను తీర్పు చెప్పడం లేదు. అడిగేది ఒక్కటే. ఆ నెల మనం కళ్లారా చూసిందంతా 28 లక్షల్లో సరిపోతుందని మనలో ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలమా?

చెప్పలేం. చెప్పలేమని తెలిసీ ఇన్నేళ్లుగా ఊరకున్నాం. నాయకుల ఖర్చుల గురించి, ప్రజాధనం దుబారా గురించి మాట్లాడాలంటే మొదట మాట్లాడాల్సింది ఈ ఊరకుండటం గురించే.

2024 జూన్ 12న కూటమి ప్రభుత్వం ప్రమాణం చేసింది. తెలుగుదేశానికి 135, జనసేనకు 21, భారతీయ జనతా పార్టీకి 8, మొత్తం 175 స్థానాల్లో 164. నంద్యాల నుంచి ఎన్.ఎం.డి. ఫరూక్, ఆళ్లగడ్డ నుంచి భూమా అఖిలప్రియ గెలిచారు. పార్లమెంటుకు బైరెడ్డి శబరి వెళ్లారు. బనగానపల్లె, నంద్యాల ఎమ్మెల్యేలిద్దరూ మంత్రులయ్యారు. జిల్లా మొత్తం ఒక్కవైపే నిలిచింది. అంత పెద్ద తీర్పు ఇవ్వడానికి జనానికి ఉన్న కారణాల్లో ఒకటి డబ్బు మీద కోపం. మన డబ్బు ఏమైపోతోందన్న కోపం. ప్రమాణ స్వీకారమై వారం తిరక్కముందే విశాఖలో రుషికొండ తలుపులు తెరిచి చూపించారు. కొండను తవ్వి, ఉన్న పర్యాటక రిసార్టును తీసేసి, 450 కోట్ల రూపాయల పైచిలుకు పెట్టి అంతకు ముందరి ప్రభుత్వం కట్టిన భవనాలు. ఎవరి కోసమో స్పష్టంగా చెప్పకుండా కట్టిన భవనాలు. టీవీల్లో ఆ స్నానాల గదులు చూసి ఇక్కడ మన ఇళ్లల్లో ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఆ కోపం న్యాయమైనదే.

అయితే ఆ కోపానికి జ్ఞాపకం కూడా ఉండాలి. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీలో ధర్మపోరాట దీక్షకు జనాన్ని తీసుకెళ్లడానికి అనంతపురం, శ్రీకాకుళం నుంచి రెండు ప్రత్యేక రైళ్లను 1.12 కోట్ల రూపాయలకు అప్పటి తెలుగుదేశం ప్రభుత్వం మాట్లాడింది కూడా ప్రభుత్వ ఖజానా సొమ్ముతోనే. కృష్ణానది ఒడ్డున ప్రజావేదిక కట్టడానికి కోట్లు పోశారు. ఆ తర్వాత వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం 2019 జూన్‌లో దాన్ని కూల్చి చూపించింది. కట్టిన డబ్బూ మనదే, కూల్చిన డబ్బూ మనదే. ఆనాటి స్పీకర్ కోడెల శివప్రసాదరావు ఇంట్లో అసెంబ్లీ ఫర్నిచర్ ఉందన్న వివాదం ఎంత దూరం పోయిందో, ఆ సెప్టెంబరులో ఎట్లాంటి విషాదంతో ముగిసిందో తెలిసిందే. ఐదేళ్లు తిరిగేసరికి అదే ఫర్నిచర్ ప్రశ్న అవతలి పార్టీ గుమ్మం ముందు నిలబడింది. పార్టీ మారినప్పుడల్లా మనం వేలు చూపించే దిక్కు మారుతోంది గానీ, అడిగే పద్ధతి ఏర్పడటం లేదు.

ఆ పద్ధతి ఎందుకు ఏర్పడటం లేదో తెలియాలంటే మళ్లీ ఆ 28 లక్షల దగ్గరికే రావాలి. 2022 నుంచి అసెంబ్లీ అభ్యర్థికి ఆ పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. నామినేషన్ వేసే ముందు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. రోజువారీ పుస్తకం రాయాలి. ప్రచార కాలంలో కనీసం మూడుసార్లు దాన్ని పరిశీలకుల ముందు పెట్టాలి. వ్యయ పరిశీలకుల దగ్గర వాళ్లు చూసింది రాసుకున్న మరో పుస్తకం ఉంటుంది. కుర్చీకి ఇంత, టీకి ఇంత, బిర్యానీ పొట్లానికి ఇంత, ఫ్లెక్సీకి చదరపు అడుగుకు ఇంత అని జిల్లా ఎన్నికల అధికారి ధరల పట్టిక ముందే ప్రకటిస్తారు. లెక్క సరిగా ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత వేటు వేసే అధికారం ఎన్నికల సంఘానికి ఉంది. కాగితం మీద ఇంత పకడ్బందీ.

అందులో పెద్ద కన్నం ఒకటుంది. పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితి లేదు. అభ్యర్థి తరఫున పార్టీ పెట్టిందీ అభ్యర్థి లెక్కలోకే రావాలని 1974లో సుప్రీంకోర్టు కన్వర్‌లాల్ గుప్తా కేసులో చెబితే, ఆ తీర్పు పనిచేయకుండా అదే ఏడాది చట్టం మార్చారు. స్టార్ ప్రచారకుల హెలికాప్టర్ అభ్యర్థి పుస్తకంలో దిగదు. అది ఢిల్లీలో తేలాల్సిన సంగతి.

మిగతా కన్నాలన్నీ మన ఊళ్లోనే ఉన్నాయి. వెయ్యి కుర్చీలు వేసి రెండొందలకు బిల్లు రాసిచ్చిన టెంట్ హౌస్ మనదే. వండిన బిర్యానీకి అసలు బిల్లే రాయని క్యాటరింగ్ మనదే. నెల రోజులు తిరిగిన బండ్లకు పది రోజుల అద్దె చూపించింది మనమే. చీకటి పడ్డాక ఓటరు జాబితా చేతిలో పట్టుకుని, ఇంటికెన్ని ఓట్లో టిక్కు పెట్టుకుంటూ కవర్లు పంచిన పిల్లలు పై ఊరి నుంచి ఊడిపడలేదు. వాళ్లు మన వీధి పిల్లలే, కొందరు డిగ్రీలు చదివినవాళ్లు. ఎన్నికల లెక్క అబద్ధమైన చోట, అభ్యర్థి సంతకం కింద కనిపించని సంతకాలు వందలు ఉంటాయి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదది.

శాసనసభ్యుడి పదవీకాలంలో మొదటి అధికారిక పత్రాల్లో ఒకటి ఈ ఖర్చుల లెక్క. అదే అబద్ధంతో మొదలైతే, ఆ తర్వాత ఐదేళ్లూ ఆయన సంతకం పెట్టే బిల్లులను, ఎస్టిమేట్లను, ప్రయాణ భత్యాల కాగితాలను మనం ఏ ముఖంతో పట్టుకుని అడుగుతాం? పెట్టుబడి పెట్టినవాడు రాబట్టుకుంటాడన్నది అందరికీ తెలిసిన లెక్క. ఇసుకలో, మద్యంలో, కాంట్రాక్టుల్లో, బదిలీల్లో రాబట్టుకుంటాడు. ఇసుక, మద్యం జోలికి వెళ్లొద్దని ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడే 2024లో సొంత ఎమ్మెల్యేలను హెచ్చరించాల్సి వచ్చింది. అధికారంలోకి వచ్చి కొన్ని నెలలు కూడా కాకముందే ఆ హెచ్చరిక అవసరమైందంటే జబ్బు ఎక్కడ మొదలైందో ఆలోచించండి.

"అందరిదీ తీసుకుంటాం, నచ్చినోళ్లకే వేస్తాం" అనే మాట మన దగ్గర చాలామంది చెబుతారు. హమాలీ పనికి, సీడ్ కంపెనీల్లో కూలికి పోయే అక్కచెల్లెళ్లు చెబుతారు. కుందూ పొంగి వరి మునిగిన కౌలు రైతు చెబుతాడు. వాళ్లను తప్పు పట్టే నోరు నాకు లేదు. ఐదేళ్లలో ఒక్కసారి గుమ్మం దాకా వచ్చిన డబ్బును వద్దనమని, కడుపు నిండిన మనిషి కడుపు మాడిన మనిషికి చెప్పడం న్యాయం కాదు. అందుకే నా మాట మొదట కలిగినవాళ్లకు. కాంట్రాక్టు కోసం రెండు పార్టీలకూ చందా ఇచ్చే వ్యాపారికి. అపార్ట్‌మెంట్‌కు లిఫ్టో, వాటర్ ప్లాంటో, గుడికి కాంపౌండ్ గోడో పెట్టిస్తే ఓట్లన్నీ మీకేనని కమిటీ తరఫున మాట ఇచ్చే పెద్దమనిషికి. కులసంఘం భవనానికి స్థలం అడిగి, బదులుగా కులం మొత్తాన్ని ఒప్పజెప్పే నాయకుడికి. పేదవాడు వెయ్యో రెండు వేలో తీసుకుంటే దాన్ని అమ్ముడుపోవడం అంటున్నాం. వీళ్లు తీసుకునే లక్షలను మాత్రం అభివృద్ధి అంటున్నాం. ఈ రెండు నాల్కల ధోరణి పోనంత వరకు పేదవాడికి నీతి చెప్పే హక్కు ఎవరికీ లేదు.

అయినా అందరిదీ తీసుకుంటామనే ఆ అక్కకూ ఒక మాట చెప్పాలి, గౌరవంతోనే. 2024 జులై 1న పింఛను నాలుగు వేలకు పెరిగి, బకాయిలతో కలిపి ఏడు వేలు ఇంటికి వచ్చాయి. అవి మీ హక్కు. ఏ నాయకుడూ తన జేబులోంచి తీసి ఇవ్వలేదు. వృద్ధాప్య పింఛను మన తెలుగు నేలకు తెచ్చింది కర్నూలు పక్కన పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే అవినీతి నిరోధక శాఖ కూడా ఏర్పడింది. ముసలివాళ్లకు అన్నం పెట్టడం, దొంగ చేతిని పట్టుకోవడం, ఈ రెండూ ఒకే పాలన చేయాల్సిన పనులని ఆయనకు తెలుసు. హక్కుగా వచ్చే నాలుగు వేలకు తలవంచి దండం పెట్టి, లంచంగా వచ్చే కవరును హక్కులాగా అడిగే రోజు వచ్చింది. 2024 మేలో పోలింగ్‌కు ముందు, తమకు డబ్బు అందలేదని రాష్ట్రంలో కొన్ని చోట్ల ఓటర్లు నాయకుల ఇళ్ల ముందు గుమిగూడారని వార్తలు వచ్చాయి. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

నంద్యాలకు ఈ విషయంలో ప్రత్యేకమైన బాధ్యత ఉంది. దేశంలో ఓటుకు లంచం గురించి అందరికంటే ఎక్కువగా చర్చ జరిగిన కేసు మన ఎంపీ పేరు మీదే ఉంది. 1991లో ప్రధాని పి.వి. నరసింహారావు లోక్‌సభకు పోటీ చేయడానికి గంగుల ప్రతాపరెడ్డి నంద్యాల స్థానాన్ని ఖాళీ చేశారు. ఎన్టీఆర్ తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు. పి.వి.కి 5.8 లక్షల ఆధిక్యం వచ్చింది. 1993 జులైలో ఆయన ప్రభుత్వం మీద పెట్టిన అవిశ్వాస తీర్మానం 251–265 ఓట్లతో వీగిపోయింది. జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు డబ్బు తీసుకుని ఓటు వేశారన్న కేసు నడిచింది. ప్రత్యేక కోర్టు 2000లో ఆయనను దోషిగా తేల్చినా, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. కానీ ఆ కేసులో 1998లో సుప్రీంకోర్టు మెజారిటీ ఇచ్చిన తీర్పు పాతికేళ్లు నిలిచిపోయింది. డబ్బు తీసుకుని సభలో ఓటు వేసిన ఎంపీకి రాజ్యాంగ రక్షణ ఉంటుందని, తీసుకుని ఓటు వేయనివాడికి ఉండదని దాని సారాంశం. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. లంచం తీసుకున్న క్షణంలోనే నేరం పూర్తయిందని, ఆ తర్వాత ఓటు ఎటు వేశాడన్న దానితో సంబంధం లేదని చెప్పింది.

ఈ చివరి వాక్యాన్ని మన వీధిలోకి తెచ్చుకుందాం. అందరిదీ తీసుకుంటాం, నచ్చినోళ్లకే వేస్తాం అన్నప్పుడు మనం చెప్పుకుంటున్నది ఆ కొట్టేసిన తీర్పులోని వాదన లాంటిదే కదా? ఓటరు విషయంలోనూ చట్టం అంతే. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ ఏడాది దాకా శిక్ష పడవచ్చు. ఓటు ఎవరికి వేశారని అది అడగదు.

ఇంకో పేజీ కూడా ఇదే నేలది. 1964లో కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో, ముఖ్యమంత్రి రాజకీయ కక్షతో రూట్లు ఎంపిక చేయించారన్న ఆరోపణను ఆయన స్వయంగా ప్రమాణపత్రంతో ఖండించలేదని సుప్రీంకోర్టు ఎత్తిచూపి, పథకాన్ని కొట్టేసింది. ఆ ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ఆయన మీద శిక్ష లేదు, జైలు లేదు. న్యాయస్థానం అన్న మాటలకే రాజీనామా చేశారు. పదమూడేళ్లకు, 1977లో, జనతా పార్టీ తరఫున రాష్ట్రం మొత్తం మీద గెలిచిన ఒకే ఒక్క ఎంపీ ఆయన. గెలిపించింది నంద్యాల. అదే ఏడాది రాష్ట్రపతి అయ్యి, స్వాతంత్ర్య దినానికి ముందురోజు తన జీతంలో 70 శాతం వదులుకుంటున్నట్లు ప్రకటించారు. ఆయన రాజకీయ జీవితంలో అన్నీ మెచ్చుకోదగినవేనని నేను అనను. కానీ పదవి విడిచిపెట్టగలిగిన మనిషిని ఈ ఊళ్లు గుర్తుపట్టి తిరిగి నిలబెట్టాయి. ఆ గుర్తింపు శక్తి మనకు ఉండేది.

ఆళ్లగడ్డ సంగతీ చెప్పాలి. 2014 ఏప్రిల్‌లో శోభా నాగిరెడ్డి రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. చనిపోయాక కూడా ఆళ్లగడ్డ ఆమెనే గెలిపించింది. ఆ తర్వాత జరిగిన ఉపఎన్నికలో ప్రధాన పార్టీలు బరిలోంచి తప్పుకోవడంతో అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 1991లో నంద్యాలలో ఎన్టీఆర్ చేసిందీ ఇట్లాంటిదే. అంటే మన దగ్గర పార్టీలకు తమంతట తాము ఒక గీత గీసుకోవడం తెలుసు. మర్యాద కోసం పోటీనే వదులుకోగలిగినవాళ్లు, మాట మీద నిలబడితే పంపకాన్ని ఎందుకు వదులుకోలేరు? భూమా, గంగుల, శిల్పా, ఫరూక్, బైరెడ్డి, కోట్ల కుటుంబాలకు ఇది అసాధ్యమైన పని కాదు. తరాలుగా ఒకరినొకరు ఎరిగినవాళ్లు. ఒక్క గదిలో కూర్చుని మేం పంచం అని సంతకం చేయమని అడిగే ధైర్యం మనకే లేదు.

ఇప్పుడు అడగకపోతే అడిగేవాళ్లు లేరు. కూటమికి 164 మంది ఉన్న సభలో ప్రతిపక్షానికి ఉన్నది 11 మంది. ఖజానా ఖర్చును తనిఖీ చేసే ప్రజాపద్దుల సంఘానికి సంప్రదాయంగా ప్రతిపక్షం వాళ్లు అధ్యక్షులుగా ఉంటారు. 2024 నవంబరులో ఆ పదవి కూటమిలోనే ఉన్న జనసేన ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులుకు వెళ్లింది. వైఎస్సార్ కాంగ్రెస్ ఆ ఎన్నికను బహిష్కరించింది. ఆయన నిజాయితీపరుడే కావచ్చు. కానీ తమవాళ్ల లెక్కలను తామే చూసుకునే ఏర్పాటు మంచిది కాదు. అవతల ప్రతిపక్షం సభకు రావడం మానేసింది. సభలో కూర్చోకుండానే కొందరు హాజరు పట్టికలో సంతకాలు పెట్టి వెళ్లారని 2025 మార్చిలో స్పీకర్ అయ్యన్నపాత్రుడు చెప్పారు. కాపలా కాయాల్సినవాళ్లు సభ బయట ఉన్నారు, ఖర్చు పెట్టేవాళ్లూ తనిఖీ చేసేవాళ్లూ ఒకే వరసలో ఉన్నారు. కూటమి పార్టీలు ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటాయన్న ఆశ కూడా మనం అడిగినప్పుడే నిజమవుతుంది.

బ్రిటన్‌లో 2009లో ఎంపీల ఖర్చుల బాగోతం బయటపడినప్పుడు, ఆ వివరాల కోసం అంతకు ముందే కొన్నేళ్లుగా సమాచార హక్కు కింద దరఖాస్తులు పెడుతూ కోర్టుదాకా వెళ్లినవాళ్లు ఉన్నారు. స్పీకర్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది మేలో అక్కడా కొత్త కూటమి ప్రభుత్వం వచ్చింది. దాంట్లో ఒక మంత్రి, డేవిడ్ లాస్, తన అద్దె బిల్లుల గురించి పత్రిక రాయగానే, మంత్రి అయిన పదిహేడు రోజులకే రాజీనామా చేశారు. వాళ్ల నాయకులు మనవాళ్లకంటే మంచివాళ్లని కాదు. బిల్లు బిల్లుగా అడిగేవాళ్లు అక్కడ ఉన్నారు. మనకూ 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. రాజకీయ పార్టీలూ దాని పరిధిలోకి వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2013లోనే చెప్పింది. ఏ పెద్ద పార్టీ ఒప్పుకోలేదు. మనమూ ఏ సభలోనూ, ఎందుకు ఒప్పుకోలేదని వాళ్లను నిలదీయలేదు.

మన నంద్యాల ఎమ్మెల్యేలను, ఎంపీని, మంత్రులను నేను బహిరంగంగా కోరేది ఇది. మీ కార్యాలయానికి, ప్రయాణాలకు, భద్రతకు, మీ పేరు మీద ప్రభుత్వం పెట్టే ఖర్చు నెల నెలా మండల కార్యాలయం నోటీసు బోర్డు మీద అంటించండి. ఎంపీకి ఏడాదికి వచ్చే ఐదు కోట్ల స్థానిక అభివృద్ధి నిధిలో ఏ ఊరికి ఎంత వెళ్లిందో, పని ఎక్కడిదాకా వచ్చిందో అదే బోర్డు మీద రాయించండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. రుషికొండ పేరు చెప్పి ఓట్లు అడిగిన హక్కుతో పాటు ఈ బాధ్యత కూడా మీకు వచ్చింది.

మనకు రాబోయేవి పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు. అభ్యర్థులు చుట్టాలు, పక్కింటివాళ్లు. డబ్బు పంచేది మన మేనల్లుడే అవుతాడు. వద్దని చెప్పడం అసెంబ్లీ ఎన్నికలకంటే కష్టం, అలవాటు చేసుకోవడానికి మంచిది కూడా ఇక్కడే. టెంట్ హౌస్ అన్నలు, క్యాటరింగ్, ఫ్లెక్సీ షాపులవాళ్లు ఒక్కసారి సంఘంగా కూర్చుని, వేసిన కుర్చీలకే బిల్లు రాస్తామని తీర్మానం చేయండి. లెక్చరర్లు, లాయర్లు, రిటైరైన ఉద్యోగులు వార్డుకు నలుగురైదుగురు చేరి, సభకు ఎన్ని బండ్లు వచ్చాయో, ఎన్ని పొట్లాలు పంచారో, ఫ్లెక్సీలు ఎన్నో రోజూ రాసి పెట్టండి. పంపకం కంట పడితే సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి ఎన్నికల అధికారికి పంపండి. లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలకైతే ఎన్నికల సంఘం సీవిజిల్ యాప్ ఉంది, వంద నిమిషాల్లో చర్య తీసుకుంటామని వాళ్ల హామీ.

ఇక అసెంబ్లీ అభ్యర్థి ఇచ్చిన ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారి దగ్గర, అంటే కలెక్టర్ దగ్గర ఉంటుంది. దాన్ని ఎవరైనా చూడవచ్చు. నిబంధనల్లో రాసిన రుసుము ఒక్క రూపాయి. నకలు కావాలన్నా ఇస్తారు. వచ్చే అసెంబ్లీ ఎన్నికల ఫలితాలు వచ్చిన నలభయ్యో రోజున నంద్యాల నుంచి పదిమంది, ఆళ్లగడ్డ నుంచి పదిమంది ఆ రూపాయి పట్టుకుని కలెక్టరేట్‌కు వెళ్లి, తాము రోజూ రాసుకున్న పుస్తకం పక్కన ఆ లెక్కను పెట్టి చదవాలి. తేడా ఎంతో ఊళ్లోకి వచ్చి చెప్పాలి.